మాఘం పెళ్లికి పెరటి పసుపు అందుతుందా?

ప్రశ్న: మాది హన్మకొండ. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి అనుకుంటున్నాం. పసుపు దంచే రోజు రోట్లో పడే కొమ్ములు మా ఇంట్లో పండినవే అయితే బాగుండునని నా కోరిక. పోయినేడు కిరాణా షాపులో మంచి పసుపు కొమ్ములు పావుకిలో కొని కుండీల్లో పెట్టాను. నెలన్నర నీళ్లు పోసినా ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే బూజు పట్టి మెత్తబడి ఉన్నాయి. తర్వాత నర్సంపేట దగ్గర ఉండే మా ఆడబిడ్డ రెండు పచ్చి దుంపలు ఇచ్చింది. అవి ఏపుగా పెరిగాయి, కానీ సంక్రాంతి పోయాక ఆకులన్నీ పచ్చబడి ఎండిపోయాయి. ఏదో తెగులు వచ్చిందని కుండీతో సహా తీసి పారబోశాను. ఈసారి తప్పు జరగకూడదు. డాబా మీద జాగా ఉంది. ఇంటి వెనక ప్రహరీ పక్కన నాలుగడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు నేల కూడా ఉంది కానీ అక్కడ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకే ఎండ పడుతుంది. ఎన్ని మొక్కలు పెట్టాలి? మాఘానికి అందుతుందా? ఉడకబెట్టడం ఇంట్లో అయ్యే పనేనా? బయట దొరికే పసుపులో రంగులు కలుపుతున్నారని వింటే టెన్షన్‌గా ఉంటోంది, అదీ చెప్పండి.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: అందుతుంది. మీ ఉత్తరం వైశాఖంలోనే రావడం మంచిదైంది. ఇంకో రెండు నెలలు ఆలస్యమై ఉంటే ఇంత గట్టిగా చెప్పడం కష్టమయ్యేది. పసుపు పెంచడం పెద్ద విద్యేమీ కాదు. ప్రాణమున్న విత్తనం, నీళ్లు నిలవని మట్టి, కొన్ని నెలల ఓపిక ఉంటే చాలు. అయితే పోయినేడు మీకు జరిగిన రెండు సంగతులూ ముందు తేల్చుకుందాం. ఈసారి ఏం చేయాలో చాలావరకు వాటిలోనే ఉంది.

కిరాణా కొమ్ములు మొలవకపోవడంలో మీ లోపం ఏమీ లేదు. అవి ఉడికించిన కొమ్ములు. పొలంలో తవ్విన పచ్చి పసుపును రైతులు ముప్పావుగంట నుంచి గంట దాకా నీళ్లలోనో ఆవిరి మీదో ఉడికిస్తారు. తర్వాత రెండు వారాలు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పట్టించి మార్కెట్‌కు తోలుతారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో కనిపించే కాడి (కొమ్ము) పసుపైనా గోళ (తల్లి దుంప) పసుపైనా, నిజామాబాద్ యార్డులో రాశులు పోసి ఉండేదైనా అంతా అలా ఉడికి ఎండినదే. ఉడికినప్పుడే మొలక కన్ను చచ్చిపోతుంది. ఇక దానికి ఎన్ని నీళ్లు పోసినా బూజు తప్ప ఇంకేమీ రాదు. విత్తనానికి పచ్చి దుంపే కావాలి.

రెండో సంగతి చెప్పడానికి నాకు బాధగా ఉంది. మీరు పారబోసింది తెగులు కాదు, పంట. పసుపు మొక్క దుంప ఊరే పని అయిపోయాక ఆకులన్నీ పసుపు రంగుకు తిరిగి, ఎండి, నేలకు వాలిపోతాయి. ఉత్తర తెలంగాణలో జనవరి నుంచి మార్చి దాకా ఏ పసుపు చేను చూసినా అలాగే ఉంటుంది. రైతు దాని కోసమే ఎదురు చూస్తాడు. ఆ ఎండిన ఆకుల కింద మీ కుండీలో అరకిలో దాకా పసుపు ఉండి ఉండవచ్చు. తెగులైతే ఎలా ఉంటుందో కింద చెబుతాను, రెంటికీ తేడా సులువుగానే తెలుస్తుంది.

ఇక జాగా. డాబా గురించి మీరు ఉత్సాహంగా రాశారు, ప్రహరీ పక్క నేల గురించి అనుమానంగా రాశారు. నేనైతే ఆ నేలనే ముందు ఎంచుకుంటాను. పసుపుకు రోజంతా మండే ఎండ అక్కర్లేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు పసుపు సాళ్ల మధ్య మక్క వేసేది కూడా అందుకే. మక్క డబ్బులు చేతికొస్తాయి, లేత పసుపుకు కొంత నీడా దొరుకుతుంది. మధ్యాహ్నం దాకా ఎండ, తర్వాత నీడ ఉండే చోటు మన వరంగల్ ఎండలకు సరిగ్గా సరిపోతుంది. డాబా మీద మే నెలలో కుండీ అంచు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అందులో మొలక బతకడం కష్టం. అయినా డాబా మీద కూడా ఓ ఐదారు గ్రో బ్యాగులు పెట్టండి. నేలలో ఏదైనా కుళ్లు వస్తే మొత్తం పంట పోకుండా ఒక భరోసా ఉంటుంది. పెళ్లి పని కదా.

ఎన్ని మొక్కలు కావాలో లెక్క వేద్దాం. పొలంలో ఎకరానికి 80 నుంచి 100 క్వింటాళ్ల పచ్చి పసుపు వస్తుంది. మొక్కల సంఖ్యతో భాగిస్తే ఒక్కో మొక్కకు దాదాపు పావుకిలో. ఇంటి దగ్గర బాగా చూసుకుంటే అంతకంటే ఎక్కువే రావచ్చు కానీ పావుకిలో అనుకోవడమే మంచిది. ఉడికించి ఎండబెట్టాక ఐదు కిలోల పచ్చి పసుపు ఒక కిలో అవుతుంది. అంటే కిలో ఎండు కొమ్ములకు ఇరవై మొక్కలు. మీ ప్రహరీ పక్క జాగాలో మూడు వరుసలు, వరుసలో అడుగుకొక దుంప చొప్పున 36 మొక్కలు పడతాయి. దగ్గర దగ్గర తొమ్మిది కిలోల పచ్చి పసుపు, ఎండాక కిలోన్నర పైన. పసుపు దంచడానికి, నలుగుకు, కంకణాలకు అది చాలు. తలంబ్రాలకు, వచ్చినవాళ్లకు పంచడానికి, ఏడాది పొడుగునా కూరల్లోకి అంటే మాత్రం చాలదు. అది ముందే తెలిసి ఉంటే తర్వాత నిరాశ ఉండదు.

విత్తనం సంగతిలోనే మీకు తొందర ఉంది. మన వైపు పాత రకం, ఆర్మూరు రకం అని పిలుచుకునేది, తొమ్మిది నెలల పంట. జూన్‌లో పెడితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వుతారు. మీ పెళ్లి మాఘంలో కాబట్టి అది ఆలస్యమవుతుంది. మీకు తక్కువ కాలంలో వచ్చే రకం కావాలి. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రగతి రకం ఆరు నెలల్లోనే వస్తుంది. ఇప్పుడు తెలంగాణ రైతులు కూడా దాన్ని వేస్తున్నారు. అదే సంస్థ ఇచ్చిన ప్రతిభ రకానికి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. ప్రగతి దొరికితే మీకు కావలసినంత సమయం ఉంటుంది, ప్రతిభ అయితే గడువుకు దగ్గర దగ్గరగా వస్తుంది.

ఎక్కడ దొరుకుతుంది అంటే, ముందు మీ ఆడబిడ్డనే అడగండి. నర్సంపేట, దుగ్గొండి, నల్లబెల్లి వైపు పసుపు వేసే రైతులు ఉన్నారు. వాళ్లు విత్తనపు దుంపలను చెట్టు నీడన రాశి పోసి, పసుపు ఆకులతో కప్పి, పైన మట్టి పూసి మే నెల దాకా దాస్తారు. ఏ రకమో వాళ్లకు తెలుసు. మీకు కావలసింది రెండు కిలోలే కాబట్టి తెలిసినవాళ్లు కాదనరు. అక్కడ ప్రగతి లేకపోతే నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది, ఫోన్ చేసి విత్తనం ఉందో లేదో కనుక్కొని వెళ్లండి. నర్సరీలో కొనాల్సి వస్తే ఒక దుంపను అడ్డంగా కోసి చూడండి. పసుపైతే లోపల ముదురు నారింజ రంగు ఉంటుంది, చేతికి అంటుతుంది. లోపల పాలిపోయి, పచ్చి మామిడికాయ వాసన వస్తే అది మామిడి అల్లం. ఆకులు చూసి రెంటికీ తేడా పట్టడం కష్టం, అందుకే కోసి చూడమంటున్నాను.

ఇంకో మాట. 2025 సంక్రాంతికి నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైనప్పటి నుంచి అందరి నోటా కర్కుమిన్, అంటే పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం, శాతం మాటే వినపడుతోంది. మేఘాలయ లకడాంగ్ పసుపులో ఏడు శాతం దాకా ఉంటుందని, అదే కావాలని అడిగేవాళ్లు పెరిగారు. అమ్ముకునే రైతుకు అది ముఖ్యం. మీకు ఈ ఏడాది కావలసింది మాఘానికి ముందు చేతికొచ్చే పంట. దూరం నుంచి తెప్పించిన రకం కోసం జూన్ పోగొట్టుకోకండి.

దుంపలు చేతికి రాగానే ఏరండి. మెత్తబడినవి, ముడతలు పడినవి, పొలుసుపురుగు తెల్లగా అంటుకున్నవి పక్కన పెట్టండి. గట్టిగా, బరువుగా, కనీసం రెండు కళ్లు ఉన్న ముక్కలు, ఒక్కోటి పాతిక ముప్పై గ్రాములు ఉండేలా విరవండి. లీటరు నీటికి మూడు గ్రాముల మాంకోజెబ్ (బూజును చంపే మందు) కలిపి అరగంట నానబెట్టి నీడన ఆరబెట్టడం రైతులు చేసే పద్ధతి. మందు వద్దనుకుంటే లీటరుకు ఐదు గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపిన నీళ్లలో ముంచండి. రెండూ ఒకేసారి మాత్రం వద్దు, మాంకోజెబ్ ఆ మంచి శిలీంధ్రాన్ని కూడా చంపేస్తుంది.

ఇప్పుడే నేలలో పెట్టకండి. రోహిణి ఎండలు ఇంకా ముందున్నాయి. ఒక వెడల్పాటి ట్రేలో గానీ, అడుగున రంధ్రాలున్న పాత టబ్బులో గానీ తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) లేదా ఇసుక కలిపిన మట్టి పరిచి, దుంపలను పక్కపక్కనే పేర్చి, పైన ఒక అంగుళం కప్పండి. వంటింటి కిటికీ పక్కనో మెట్ల కిందో నీడలో ఉంచండి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు చిలకరిస్తే చాలు. మూడు నాలుగు వారాల్లో కన్ను దగ్గర ముందు తెల్లగా ఒక బొడిపె కనిపిస్తుంది, తర్వాత అది కోసుగా లేచి చివర లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ మొలక రెండు అంగుళాలయ్యేసరికి మీకు నెల రోజులు కలిసొచ్చినట్లే. బయట ఎండలో ఆ నెల ఊరికే పోయేది. మొలవని దుంపలు కూడా ఇక్కడే తెలిసిపోతాయి, మడిలో ఖాళీలు ఉండవు.

ఈ నెల రోజుల్లో మడి తయారు చేయండి. ప్రహరీ పక్కన అంటే ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, సున్నం మట్టిలో కలిసి ఉంటాయి. పారతో అడుగు లోతు తవ్వి వాటిని ఓపిగ్గా ఏరేయండి. ఆ పని వదిలేస్తే ఆగస్టులో ఆకుల ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం తెల్లబారుతుంది. ఎరువు తక్కువైందనుకొని ఇంకా ఎరువు వేస్తారు, ఫలితం ఉండదు. అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. అలా కనిపిస్తే లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు ఆకుల మీద చల్లండి, మళ్లీ పచ్చబడతాయి.

మట్టి ఎర్ర చల్క అయితే మీ అదృష్టం. అందులో బాగా మాగిన పెంట ఎరువు సగానికి సగం కలపండి, పచ్చి పేడ వద్దు. నాలుగైదు దోసిళ్ల వేపపిండి, రెండు దోసిళ్ల కట్టెల బూడిద వేయండి. నల్లరేగడి అయితే ఇసుక కూడా కలపాలి. మడి చుట్టూ నేల కంటే కనీసం అర అడుగు ఎత్తు ఉండాలి. ఈ మాట మాత్రం తప్పకుండా పాటించండి. జూలై, ఆగస్టు వానల్లో పసుపును చంపేది పురుగు కాదు, నిలిచిన నీళ్లు. డాబా బ్యాగులకూ ఇదే మట్టి, కాకపోతే మూడో వంతు కోకోపీట్ కలిపితే బరువు తగ్గుతుంది. 18 అంగుళాల బ్యాగులో మూడు దుంపలు పెట్టవచ్చు. లోతు అడుగుకు తగ్గకూడదు. తడిసిన మట్టితో ఒక్కో బ్యాగు యాభై కిలోల దాకా తూగుతుంది, అందుకని స్లాబు మధ్యలో కాకుండా గోడల వెంట, దూలాల మీదికి వచ్చేలా ఇటుకల మీద పెట్టండి.

మిరుగం (మృగశిర కార్తె) వచ్చి ఒకటి రెండు వానలు పడగానే మొలకెత్తిన దుంపలను రెండంగుళాల లోతులో, మొలక పైకి ఉండేలా పెట్టి, మడంతా ఎండుటాకులో వరిగడ్డో కప్పండి. వానలు ఆలస్యమైనా ఆ వారం దాటనివ్వకండి, సాయంత్రం పూట నాటి నీళ్లు పోయండి. ఖాళీల్లో మెంతికూర, కొత్తిమీర చల్లుకోవచ్చు. పసుపు ఆకులు విచ్చుకునేలోపు అవి కోతకు వచ్చేస్తాయి.

తర్వాత నాలుగు నెలలు పెద్ద పని ఉండదు. వానలు పడుతున్నప్పుడు నీళ్లు పోయాల్సిన పనే లేదు. రెండో నెల చివర ఒకసారి, మూడో నెల చివర ఇంకోసారి మొదళ్లకు మట్టి, ఎరువు ఎగదోయండి. దుంప పైకి తేలి వెలుగు తగిలితే ఆకుపచ్చగా మారుతుంది, కొమ్ములు సరిగ్గా ఊరవు. వానలు వెనకబట్టాక, అక్టోబర్, నవంబర్ నెలల్లో మాత్రం నీళ్లు తప్పనివ్వకండి, దుంప ఊరేది అప్పుడే. చాలామంది వానాకాలం అంతా అతిగా నీళ్లు పోసి, సరిగ్గా కావలసినప్పుడు మరిచిపోతారు. బతుకమ్మ రోజులకు కొన్ని మొక్కలు ఆకుల మధ్య నుంచి లేత ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో పూల కంకి వేస్తాయి. దాని వల్ల నష్టం ఏమీ లేదు. కోసి బతుకమ్మలో పేర్చుకోండి, గౌరమ్మ పక్కన పసుపు పువ్వు ఎంత బాగుంటుందో చూడండి.

తెగులు సంగతి చెబుతానన్నాను. కుళ్లు వస్తే వానాకాలంలోనే, మిగతా మొక్కలన్నీ పచ్చగా ఉండగా ఒకటి రెండు మొక్కల అడుగు ఆకులు అంచుల నుంచి ఎండుతూ వస్తాయి. కాండం మొదలు నీరు పట్టినట్లు మెత్తగా అవుతుంది. పట్టుకొని లాగితే సులువుగా ఊడి వస్తుంది, చెడు వాసన వేస్తుంది. అలాంటి మొక్కను చుట్టూ మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. మిగతా మొక్కల మొదళ్లలో లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీళ్లు పోసి, మడి నుంచి నీళ్లు పోయే దారి ఎక్కడ మూసుకుందో వెతకండి. పంట పండినప్పుడు అలా కాదు. చలికాలంలో, అన్ని మొక్కలూ కొద్ది రోజుల తేడాతో, కాండం గట్టిగా ఉండగానే ఆకులు వాలుస్తాయి. ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు వస్తే ఆ ఆకులు కోసి తీసేయడమే ఇంటి మడికి సరిపోతుంది.

ప్రగతి రకమైతే నవంబర్ చివరి నుంచి ఆకులు తిరుగుతాయి. అప్పుడు నీళ్లు ఆపేసి, రెండు మూడు వారాలు ఆరనిచ్చి, డిసెంబర్ మధ్యలో తవ్వండి. మీకు పాత రకమే దొరికిందనుకోండి, భయపడాల్సింది లేదు. డిసెంబర్ చివర్లో పెళ్లికి కావలసినన్ని మొక్కలు తవ్వుకోండి. పూర్తిగా ముదరవు కాబట్టి తూకం తగ్గుతుంది, ఎండాక ముడతలు కాస్త ఎక్కువ పడతాయి, కానీ దంచితే పసుపు పసుపే. మిగిలిన మొక్కలను ఫిబ్రవరి చివరి దాకా వదిలేయండి. పారతో కాకుండా పలుగుతో దూరం నుంచి గుచ్చి లేపితే కొమ్ములు తెగవు.

ఉడకబెట్టడం ఇంట్లో అయ్యే పనే. తవ్విన రెండు మూడు రోజుల్లోపే చేయాలి. మట్టి పోయేలా కడిగి, వేళ్లు గిల్లేసి, కాడిని గోళ నుంచి విరిచి రెండు కుప్పలు చేయండి. మధ్యలో ఉండే గుండ్రటి తల్లి దుంప, అంటే గోళ, లావుగా ఉంటుంది కాబట్టి ఉడకడానికి ఎక్కువ సమయం పడుతుంది. రెండూ కలిపి వేస్తే కాడి మెత్తబడిపోతుంది, లేదంటే గోళ పచ్చిగా మిగులుతుంది. పెద్ద గిన్నెలో దుంపలు మునిగేంత నీళ్లు పోసి, పైన పసుపు ఆకులు కప్పి, మూత పెట్టండి. నీళ్లు మరిగి నురగ లేస్తుంది, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన ఇల్లంతా నిండుతుంది. అక్కడి నుంచి గమనిస్తూ ఉండండి. ముప్పావుగంట తర్వాత ఒక కొమ్ము తీసి సన్నని పుల్ల గుచ్చితే ఆగకుండా దిగాలి. విరిచి చూస్తే అంచు నుంచి మధ్య దాకా ఒకే రంగు ఉండాలి. మధ్యలో వేరే రంగు చుక్కలా కనిపిస్తే ఇంకాసేపు ఉంచండి. మరీ ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా తునకలవుతుంది. గిన్నె ఒక్కటే జాగ్రత్త, ఆ మరక పోదు. పాత గిన్నె తీయండి.

కొందరు ఉడికించకుండా పచ్చిదే చిప్స్‌లా కోసి ఎండబెడతారు. నాలుగైదు రోజుల్లో ఎండిపోతుంది, కూరల్లోకి పొడి చేసుకోవడానికి అది సులువు. మీకు దంచడానికి నిండు కొమ్ములు కావాలి కాబట్టి ఆ పద్ధతి పనికిరాదు. ఉడికిస్తేనే రంగు లోపలంతా సమంగా పడుతుంది, పచ్చి వాసన పోతుంది, నిలవ ఉంటుంది.

ఉడికిన కొమ్ములను డాబా మీద శుభ్రమైన చాప లేదా బట్ట పరిచి ఎండబెట్టండి. ఇక్కడ మీ డాబా బ్రహ్మాండంగా పనికొస్తుంది. మన దగ్గర డిసెంబర్, జనవరిలో ఎండ పొడిగా ఉంటుంది, పది నుంచి పదిహేను రోజుల్లో ఎండుతుంది. సాయంత్రం కాగానే కుప్ప చేసి కప్పేయాలి, మంచు పడితే రంగు మాడుతుంది, బూజు పడుతుంది. రోజుకు రెండుసార్లు తిరగేయండి. మొదటి మూడు రోజులు కొమ్ము రబ్బరులా వంగుతుంది. వారం దాటాక బిగుస్తుంది, పైన సన్నని ముడతలు పడతాయి, సైజు సగానికి పైగా తగ్గిపోయి మీకు కంగారు పుడుతుంది. అది మామూలే. రెండు కొమ్ములు ఒకదానికొకటి తగిలిస్తే లోహం మోగినట్లు ఖణేల్మనాలి, విరిస్తే ఠప్పున విరగాలి. అప్పటి దాకా డబ్బాలో పెట్టకండి. ఎండిన కొమ్ముల మీద పొట్టు, వేర్ల మొదళ్లు గరుకుగా ఉంటాయి. గోనెసంచిలో పోసి ఇద్దరు చెరో చివర పట్టుకొని కాసేపు కుదిపి రుద్దితే నున్నబడతాయి. కొన్న కొమ్ములంత మెరుపు రాదు, రావాల్సిన అవసరం కూడా లేదు.

ఆ మెరుపు గురించే మీ చివరి ప్రశ్న. పసుపు పొడిలో మెటానిల్ ఎల్లో అనే రంగు, లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే కల్తీ నిజంగానే ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, కొద్దిగా ఉన్నా మంచిది కాదు. కొమ్ముల మీద కూడా ఆ రంగు పూయడం ఉంది కాబట్టి, కొమ్ములు కొని మర పట్టిస్తే చాలు అనుకోవడానికి వీల్లేదు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇంట్లో చేసుకునే పరీక్షలు చెప్పింది. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు పొడి వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు దిగుతూ నీళ్లకు లేత రంగు ఇస్తుంది, కల్తీది దిగుతూ నీళ్లను చిక్కటి పసుపు చేస్తుంది. కొమ్మును నీళ్లలో వేసినప్పుడు వెంటనే రంగు వదిలితే అది వద్దు. ఈ పరీక్ష అన్ని కల్తీలనూ పట్టుకోలేదు, పచ్చిగా మోసం చేసినదాన్ని పడుతుంది. తలంబ్రాలకు, పంచడానికి మీరు ఎలాగూ కొంత కొనాలి కదా. తెలిసిన రైతు దగ్గర మెరుగు పట్టని మోటు కొమ్ములు తీసుకొని మర పట్టించుకోండి. విత్తనం ఇచ్చిన రైతునే ఫిబ్రవరికి ముందే అడిగి ఉంచితే రెండు పనులూ ఒకచోటే అవుతాయి.

తవ్విన రోజే ఇంకో పని మరిచిపోకండి. ఉడికించడానికి ముందే రెండు కిలోల మంచి దుంపలు, తెగుళ్లు లేని మొక్కలవి, కడగకుండా మట్టి దులిపి పక్కన పెట్టండి. వెడల్పాటి కుండలో పొడి ఇసుక వేసి, దుంపలు, ఇసుక వరుసలుగా పేర్చి, పైన వేపాకు పరిచి, మూత బిగించకుండా ఇంట్లో నీడన ఉంచండి. నెలకోసారి చేయి పెట్టి చూసి మెత్తబడిన దాన్ని తీసేస్తే చాలు, మళ్లీ వైశాఖానికి అవే విత్తనం. కానీ వచ్చే ఏడాది వాటిని ఇదే మడిలో పెట్టకండి, అల్లం కూడా పెట్టకండి. కుళ్లు మట్టిలోనే దాగి ఉంటుంది. మడిలో బెండో చిక్కుడో వేసి, పసుపును కొత్త మట్టి నింపిన బ్యాగుల్లోకి మార్చండి.